వాగులో పోయిన రాజ్‌దూత్

పెంచలకృష్ణ ఫోనులో ఆ మాట చెప్పినప్పుడు అది అబద్ధం కాదు. మరునాడు పొద్దునకు అబద్ధమైంది.

తొమ్మిదేళ్ల కిందటి నవంబరు వానలవి. నెల్లూరు జిల్లాలో వాటిని మరిచిపోయినవాడు లేడు. చెరువులు తెగాయి, రోడ్లు తెగాయి, మనుషులు మిద్దెల మీద కూర్చుని అన్నం పొట్లాల కోసం ఆకాశం చూశారు. అప్పటికి పెంచలకృష్ణకు ముప్పై ఏళ్లు. చిట్టమూరు దగ్గర పల్లెలో అక్క ఆదిశేషమ్మ ఇంట్లో ఉండేవాడు. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోతే అక్కే పెంచింది. అక్కకూ బావ పద్మనాభయ్యకూ పిల్లల్లేరు. ఉన్న ఒక్క కుర్రాడూ వీడే, ఉన్న ఒక్క మోటారు సైకిలూ ఆ నల్ల రాజ్‌దూత్. రెండూ బావకు ప్రాణం. ఏది ఎక్కువని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

తోటపల్లి గూడూరు వైపు రొయ్యల గుంటల్లో మెకానిక్కు పని ఉందని తెలిసి, కనుక్కుని వస్తానని బండి అడిగాడు. బావ తాళం చేతిలో పెట్టి ఒకటే మాట చెప్పాడు.

"వాగు చప్టా మీద నీళ్లు కనపడితే దిగొద్దు. బండి ఆపుకుని యాడో ఒక చోట పడుకో. రేపు రా."

పని దొరికింది. ఆ సంతోషంలో తిరుగు దారి పట్టాడు. చప్టా మీద నీళ్లున్నాయి. మోకాలి లోతు కూడా ఉండవనిపించింది. దిగాడు. సగం దాటాక నీళ్లు బండిని మెడపట్టి పక్కకు గెంటాయి. వీడు తుమ్మ కొమ్మ దొరకబుచ్చుకుని గట్టెక్కాడు. బండి ఎర్రనీళ్లలో ఒకసారి చక్రం చూపించి మునిగిపోయింది. సొంత ఫోను కూడా నీళ్లపాలే. గట్టు మీద బంకు వాడి ఫోను అడుక్కుని చేశాడు.

"బండి కొట్టకపోయింది బావా."

అవతల వాన చప్పుడులోంచి బావ గొంతు వచ్చింది.

"నువ్వు గట్టు మీదే ఉండావా?"

"ఆ."

"అయితే పోనీరా. ఇనప ముక్క. పొద్దున వాన తగ్గినాక ఇంటికి రా."

ఇంతవరకూ నిజమే. తెల్లారేసరికి నీళ్లు తీశాయి. చప్టాకు రెండు వందల గజాల దిగువన, తుమ్మ కంపలో, బురదలోంచి హ్యాండిలు పైకి పొడుచుకుని ఉంది. వీడికి ఏడుపొచ్చినంత పనైంది. ఆ క్షణాన బంకు దాకా నడిచి ఒక్క ఫోను చేసి ఉంటే ఈ కథ లేదు. చెయ్యలేదు. బండిని కడిగి, స్టార్టు చేసి, డుగుడుగుమంటూ బావ వాకిట్లో దింపి ఆయన మొహం చూద్దామనుకున్నాడు.

నీళ్లు తాగిన ఇంజనుకు ముందు ప్లగ్గు ఊడదీసి నీళ్లు కక్కించాలి. పదేళ్లు మెకానిక్కుగా బతికినవాడికి ఇది ఒకరు చెప్పాలా? తొందర. కిక్కు దిగకపోతే ఇద్దరు మనుషుల్ని పిలిచి నెట్టించి, సెకండు గేరులో క్లచ్చి వదిలాడు. లోపల ఎముక విరిగినట్టు చప్పుడొచ్చింది. కనెక్టింగ్ రాడ్డు వంగింది. బ్లాకు పగిలింది.

అప్పుడు భయం పట్టుకుంది. దిగొద్దంటే దిగాడు. దొరికిన బండిని తన చేత్తోనే చంపాడు. ఒక వారంలో బాగు చేసి, అప్పుడే దొరికిందని చెబుదామని, రొయ్యలకు ఐసు మోసే బండిలో వేయించి తోటపల్లి గూడూరు గుంటల దగ్గరికి తెచ్చాడు. ఏరేటర్ల షెడ్డు వెనక నిలబెట్టి తార్పాలిను కప్పాడు.

ఆ వారంలోనే అక్క ఫోను చేసింది.

"మీ బావ పొద్దున లేచి కర్ర తీసుకుని వాగెంబడి పోతుండాడురా. బండి ఏ కంపలో అన్నా తగులుకోనుందేమో అని. నువ్వన్నా చెప్పు."

"వద్దని చెప్పక్కా," అన్నాడు.

అంతే అన్నాడు. తార్పాలినుకు ఆరు అడుగుల దూరంలో నిలబడి ఆ మాట అన్నాడు. అబద్ధం పూర్తిగా పుట్టింది అప్పుడు.

*

రొయ్యల గుంటల బతుకు తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. గుంటల్లో రొయ్యలకు ఊపిరాడాలంటే నీళ్లను చిలకాలి. అందుకు నీలం ప్లాస్టిక్ తెప్పల మీద రెక్కల చక్రాలు తిరుగుతుంటాయి. అవే ఏరేటర్లు. ఎండ వచ్చాక ఆపినా పరవాలేదు గాని, రాత్రి అవి ఆగితే గుంటంతా తెల్లారేసరికి వెల్లకిలా తేలుతుంది. పెంచలకృష్ణ పని అవి ఆగకుండా చూడడం. అరవై ఏరేటర్లు, రెండు ఆయిలు ఇంజన్లు, ఒక రేకుల గది, ఒక పొయ్యి. అన్నం ఒక్కడికే వండుకుంటాడు, పొద్దున మిగిలింది సాయంత్రం తింటాడు.

అక్కడ శత్రువు ఉప్పు గాలి. సముద్రం రెండు మైళ్లు కూడా లేదు. కొత్త బోల్టు కొని పెడితే ఆరు నెలల్లో మరమరాల్లా పొడైపోతుంది. అందుకని ఆ పక్కన మెకానిక్కులందరిదీ ఒకటే సూత్రం. సందు కనపడితే మూసెయ్. మోటారు పెట్టెకు బెజ్జముంటే గ్రీజు కూరు. తీగ దూరే చోట ఎం-సీల్ ముద్ద పెట్టు. ఫోనుంటే ప్లాస్టిక్ కవర్లో పెట్టి రబ్బరు చుట్టు. గాలి దూరనీయకుండా మూయడంలో పెంచలకృష్ణ చెయ్యి పేరు పడ్డ చెయ్యి.

మొదటి ఏడాది అక్క ఇంటికి రెండు సార్లు పోయాడు. రెండో సారి ఎవరో చుట్టాలొచ్చి ఉన్నారు. బావ వాళ్లకు చేత్తో చూపిస్తున్నాడు. "ఇట్టా మలుపు తిరిగి, ఆ రైలు కట్ట దాకా వెతికినా. ఒక అద్దం ముక్కన్నా దొరుకుద్దేమోనని." అక్క పులుసు వడ్డించింది. సగం అన్నంలోనే చెయ్యి కడుక్కున్నాడు. ఆ తర్వాత పోలేదు. రొయ్యకు తెగులొచ్చిందన్నాడు, రొయ్యలు పట్టే రోజులన్నాడు, ఇంజను చెడిందన్నాడు. చెడని ఇంజన్లు వీడి నోట్లో ఎన్నిసార్లు చెడ్డాయో.

మధ్యలో ఒక సంబంధం వచ్చింది. పిల్ల తరపు వాళ్లు మంచివాళ్లే. పెద్దవాళ్లను తీసుకుని రండి, మాట్లాడుకుందాం అన్నారు. పెద్దవాళ్లంటే బావే. మాటలయ్యాక పిల్లాడుండే చోటు చూద్దామని అందరూ గుంటల దగ్గరికి వస్తారు, షెడ్డు చుట్టూ తిరుగుతారు. పెంచలకృష్ణ ఆ సంబంధం వద్దన్నాడు. షెడ్డు వెనక ఉన్నది ఇనుము కాదు, కాపలా కుక్క. వచ్చేవాళ్లను రానివ్వదు, వీడిని పోనివ్వదు.

రెండేళ్లకోసారి తార్పాలిను చినిగితే కొత్తది కప్పేవాడు. బండి వైపు చూడకుండా కప్పడం అలవాటైంది.

పోయిన జనవరిలో అక్క ఫోను చేసింది. ఎప్పటిలా ఎప్పుడొస్తావని అడగలేదు.

"మీ బావకు నీటికాసులంటరా. కుడి కన్ను పోయింది. ఎడమది కూడా నిలవదంట. ఏడాదో, అంతకు తక్కువో. నెల్లూరు డాక్టరు చెప్పినాడు."

"మందులు..."

"వేస్తుండాము. వేస్తే ఆలస్యం అవుద్దంట, ఆగదంట." అక్కే మళ్లీ అన్నది. "నీకు చెప్పాలి గదా అని చెప్పినా."

ఆ మధ్యాహ్నం పెంచలకృష్ణ తార్పాలిను లాగాడు. ఆయన కళ్లతో చూడగలిగినప్పుడే ఈ బండి ఆ వాకిట్లో నిలబడాలి. ఆ పైన ఆయన కొట్టనీ, ఉమ్మనీ.

*

సీటు లేదు, ఎలుకలు తిన్నాయి. మడ్‌గార్డులు చేత్తో పట్టుకుంటే అప్పడాల్లా విరిగాయి. స్పోకులు సగం లేవు. ట్యాంకు ఒకటే పై నుంచి గట్టిగా ఉంది. దాని ఎడమ బుగ్గ మీద సొట్ట అట్లాగే ఉంది. వీడికి పదేళ్లప్పుడు బావ ఎద్దు తన్నిన సొట్ట అది.

పిస్టను బ్లాకులో పాతుకుపోయింది. డీజిలు పోసి పదకొండు రోజులు నానబెట్టి, వేపచెక్క ఆనించి సుత్తితో కొట్టి దించాడు. క్రాంకును నెల్లూరు లేత్ షాపుకు తీసుకుపోతే అక్కడి ముసలాయన తిప్పి తిప్పి చూసి, "దీన్ని బతికించేదానికన్నా దినం పెట్టేది సులువు గదయ్యా," అన్నాడు. అని, రాడ్డు మాత్రం వేసి ఇచ్చాడు. బ్లాకు పాత సామాన్ల బజారులో దొరికింది. కార్బొరేటరు వేరే బండిది, అంచు రుద్ది కూర్చోబెట్టాడు.

ట్యాంకు లోపలి తుప్పు పెద్ద పని. రెండు శేర్ల పాత చింతపండు పిసికి ఆ పులుసు పోసి, గుప్పెడు గులకరాళ్లు వేసి, మూతి బిగించి, ట్యాంకును గోనె సంచిలో చుట్టి, పనిలో లేని ఒక ఏరేటరును గట్టెక్కించి దాని ఇరుసుకు కట్టాడు. స్విచ్చి వేశాడు. ట్యాంకు గిరగిరా తిరుగుతూ లోపల రాళ్లు గలగలమంటుంటే, గుంటల కాపలాదారు చిన్నపోలయ్య పరుగున వచ్చాడు. అరవై దాటినవాడు, ఒకప్పుడు సముద్రం మీద వేటకు పోయినవాడు.

"ఏందిది కిష్టయ్యా, ఇనప పందిని కాలుస్తుండావా?"

"ట్యాంకు కడుగుతుండా."

"చింతపండు వాసనొస్తాది. నాలుగు చేప ముక్కలు పడేస్తే మధ్యాహ్నానికి కూర గూడా అయిపోద్ది."

చిన్నపోలయ్యకు బండి సంగతి మొదటి నుంచీ తెలుసు. తార్పాలిను కిందికి తొంగి చూడని కాపలాదారు ఉండడు. ఎవరికీ చెప్పలేదు, అది వేరే. గట్టు మీద గొంతుక్కూర్చుని బీడీ వెలిగించాడు.

"పోయి ఏం చెప్తావు?"

"అదే తెలీడం లేదు."

"తెలీకపోయేదేముంది. పాత సామాన్ల బజారులో కనపడింది బావా, నంబరు చూసి గుర్తుపట్టినా, కొన్నా, బాగు చేయించినా. అయిపాయ. ఆయన సంతోషం, నీ సంతోషం. సముద్రంలో వల పోయినోడికి ఇంకోడు తెచ్చిస్తే యాడ దొరికిందని అడగడు."

పెంచలకృష్ణ పోయి స్విచ్చి ఆపాడు. ఆ మాట నచ్చింది. నచ్చినందుకు తన మీద తనకు అసహ్యం వేసింది. అయినా నచ్చింది. ఆ తర్వాత పని చేస్తున్నంతసేపూ ఆ మాటనే నోట్లో నానబెట్టుకున్నాడు. నంబరు చూసి గుర్తుపట్టినా బావా. ఆ ముక్క ఎట్లా అంటే నిజంలా ఉంటుందో రేకుల గదిలో ఒక్కడే పైకి అనుకుని చూశాడు.

ఇనప మడ్‌గార్డులు మళ్లీ పెట్టదలుచుకోలేదు. పగిలిన ఏరేటరు తెప్పల నీలం ప్లాస్టిక్‌ను వేడి చేసి వంచి, కోసి, రెండు మడ్‌గార్డులు చేశాడు. చూసేవాళ్లు నవ్వారు గాని పని మాత్రం నాజూగ్గా కుదిరింది. పడవలకు వేసే నీలం రంగు తెచ్చి బండంతా అదే కొట్టాడు. ఆ రంగు మీద ఉప్పు నిలవదు. హ్యాండిలు పిడులకు వల దారం చుట్టాడు, చెమట చేయి జారదు. ఎక్కడ చిన్న సందు కనపడినా గ్రీజు కూరాడు, ముద్ద పెట్టాడు.

ట్యాంకు మూత పాతది పనికిరాలేదు. బజారులోనే ఇంకోటి తెచ్చాడు. తోమి చూస్తే మధ్యలో సూది మొనంత బెజ్జం ఉంది. తుప్పు తినేసిందనుకున్నాడు. ఆ తీరాన ఇనుములో బెజ్జం కనపడితే ఎవడైనా అదే అనుకుంటాడు. తగరం కరిగించి బొట్టు వేసి నున్నగా మూసేశాడు.

సీటు కుట్టడానికి ఫ్లోరా దగ్గరికి పోయాడు. గుంటల మీద కొంగలు వాలకుండా కట్టే వలలు కుట్టే మనిషి. రెక్సిన్ కూడా కుడుతుంది. సీటు చట్రం చూసి టేపు తీసింది.

"ఒకరికా, ఇద్దరికా అన్నా?"

పెంచలకృష్ణ చట్రం పొడుగునా చెయ్యి పోనిచ్చాడు.

"ఇద్దరికే. పాతది పొడుగు సీటే."

"వెనకెవరు కూర్చుంటారు?"

"ఎవురూ కూర్చోరు."

"మరి స్పాంజి దండగ గదన్నా."

"నువ్వు కుట్టమ్మా."

ఆమె అతని మొహం చూసి ఇంకేమీ అడగలేదు. వెనక భాగానికి ముందు భాగం కన్నా మందంగా స్పాంజి వేసి కుట్టింది. ఎందుకట్లా చేసిందో ఆమెకే తెలియాలి.

బండి స్టార్టయిన రోజున చిన్నపోలయ్య కొబ్బరికాయ కొట్టాడు. పెంచలకృష్ణ గుంటల కట్ట మీద ఒక చుట్టు తిరిగొచ్చి ఆపాడు. మరునాడు ఇంకో చుట్టు. ఒక చుట్టు రెండు కిలోమీటర్లు. ఎక్కడా తడబడలేదు. అక్కకు ఫోను చేసి శుక్రవారం వస్తున్నానన్నాడు. ఎనిమిదేళ్ల తర్వాత ఆ మాట విని ఆమె, "అట్నా," అన్నది. "బస్సుకా?"

"బండి మీద."

"ఏం బండి?"

"వచ్చినాక చూద్దువులే."

*

శుక్రవారం పొద్దున ఆరింటికి బయల్దేరాడు. ఆరు కిలోమీటర్లు పోయాక బండి దగ్గి, ఊగి, ఆగిపోయింది. ట్యాంకు మూత తీసి చూశాడు, పెట్రోలుంది. ప్లగ్గు తుడిచాడు. కిక్కు కొడితే స్టార్టయింది. ప్లగ్గు లోపమనుకున్నాడు. నెల్లూరు చేరేలోపు మళ్లీ ఆగింది. మూత తీసి చూశాడు, పెట్రోలుంది. ప్లగ్గు మార్చాడు. స్టార్టయింది. హైవే ఎక్కాక మళ్లీ. పక్కనుంచి లారీలు పోతుంటే గాలికి చొక్కా ఎగిరి మొహాన కొడుతుంటే రోడ్డు పక్కన కార్బొరేటరు విప్పాడు. అందులో చెత్తేమీ లేదు. బిగించి, మూత తీసి పెట్రోలు చూసుకుని, కిక్కు కొడితే బంగారంలా స్టార్టయింది. ఇదేం జబ్బో అర్థం కాలేదు. ఆగుతుంది, కాసేపు చూస్తే లేస్తుంది, ఐదారు కిలోమీటర్లు పోయి మళ్లీ పడుకుంటుంది. మొండి ఎద్దు నయం.

గూడూరు దాటి, కోట దాటి, చిట్టమూరు రోడ్డులో పడేసరికి మిట్ట మధ్యాహ్నం. పదో సారి ఆగింది. రెండు పక్కలా కోసేసిన పొలాలు, నీడకు చెట్టు లేదు. సీటు మీద కూర్చుంటే కాలుతోంది. ఫోను మోగింది. ప్లాస్టిక్ కవరు విప్పి తీశాడు.

"యాడుండావురా? అన్నం చల్లారిపోయింది," అక్క.

"కోట దాటినా. బండి ఆగిపోతా ఉందక్కా. ఏం చేసినా తెలీడం లేదు."

అక్క అవతలికి తిరిగి ఎవరితోనో అన్నది. "బండి చెడిందంట. నువ్వు మాట్లాడు." పెంచలకృష్ణ వద్దనేలోపే బావ గొంతు వచ్చింది. ఎనిమిదేళ్లకు విన్న గొంతు. ఉపోద్ఘాతం లేదు.

"ఎన్ని మైళ్లకు ఆగుతాది?"

"మూడు, నాలుగు."

"ఆగినాక ఏం చేస్తే లేస్తాది?"

"ఏం చేసినా లేస్తాది బావా. అదే అర్థం కాలా."

"ఏం చేసినా కాదు. ప్రతిసారీ చేసిందేంది?"

పెంచలకృష్ణ ఆలోచించాడు. "మూత తీసి పెట్రోలు చూస్తుండా."

"ఇప్పుడు తియ్యి. ఫోను ఆడనే పెట్టు."

తీశాడు. ఉస్సుమని ట్యాంకు గాలి పీల్చింది. ఇంతసేపూ లారీల మోతలో వినపడని చప్పుడు ఈ ఎండలో గట్టిగా వినపడింది. అవతలికీ వినపడింది.

"మూతకు సూది బెజ్జం ఉండాలే. మట్టి పట్టిందా?"

"లేదు. నేనే మూసినా. తుప్పనుకున్నా."

"ఓరి నీ..." బావ ఒక్క క్షణం నవ్వాడు కూడా. "బెజ్జం మూస్తే లోపలికి గాలి యాడ పోద్ది? గాలి పోకపోతే పెట్రోలు కిందికి యాడ దిగుద్ది? గుంటల్లో ఉండి ఉండి నీకు అన్నీ మూసేది అలవాటైంది. పొడిచెయ్ దాన్ని."

"ఆ."

"ఆ రకం మూత ఇప్పుడు బండ్లకు రాదే. ఏం బండిరా అది?"

చిన్నపోలయ్య ఇచ్చిన మాట నాలుక చివరే ఉంది. పాత సామాన్ల బజారులో. నంబరు చూసి గుర్తుపట్టినా. ఎన్నిసార్లు అనుకున్నాడు, ఎంత నున్నగా చేసి పెట్టుకున్నాడు. తెరిచిన ట్యాంకు మూత చేతిలో ఉంది. దాని మీద తను వేసిన తగరం బొట్టు ఎండకు మెరుస్తోంది.

"నీదే బావా," అన్నాడు.

"ఏంది?"

"రాజ్‌దూత్."

"అది వాగులో పోయింది గదరా."

"పోయింది. మరుసటి రోజు పొద్దున్నే దొరికింది. తుమ్మ కంపలో. నెట్టి స్టార్టు చేస్తే రాడ్డు వంగింది. చెప్పలేదు. ఇన్నేళ్లూ నా కాడే ఉంది."

అవతల కోడి ఒకటి అరిచింది. ఎక్కడో పంపు కొడుతున్న చప్పుడు. ఊపిరి తీసి వదలడం ఒకసారి వినపడింది. తర్వాత ఫోను పెట్టేశారు.

పెంచలకృష్ణ రోడ్డు మీద ఇటూ అటూ చూశాడు. అటు ఎనిమిది కిలోమీటర్లలో అక్క ఇల్లు. ఇటు తన రేకుల గది. మైలురాయి మీద మూత బోర్లించి, మేకు ఆనించి స్పానరుతో ఒక దెబ్బ వేశాడు. తగరం బొట్టు ఊడి గడ్డిలో పడింది. మూత బిగించి కిక్కు కొట్టి, బండిని అటే పోనిచ్చాడు. ఇక ఆగలేదు. ఆగితే బాగుండునని రెండు సార్లు అనుకున్నాడు గాని ఆగలేదు.

*

అక్క గడపలో నిలబడి ఉంది. జుట్టు తెల్లబడింది. రా అనలేదు, పో అనలేదు. బావ వసారాలో బల్ల మీద నల్ల కళ్లద్దాలతో కూర్చుని ఉన్నాడు. ఇంజను చప్పుడు ఆగాక లేచి, స్తంభం పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు.

ముందు హ్యాండిలు పట్టుకున్నాడు. వల దారం మీద వేళ్లు ఆగాయి. అక్కడినుంచి ట్యాంకు. ఎడమ బుగ్గ మీద సొట్టలో అరచెయ్యి ఆనించి అట్లాగే ఉంచాడు. చాలాసేపు ఉంచాడు. తర్వాత వెనక్కి జరిగి మడ్‌గార్డు తట్టాడు.

"ప్లాస్టిక్కా?"

"ఉప్పు గాలికి ఇనుము నిలవదు బావా."

"ఇక్కడ ఉప్పు గాలి యాడుంది?"

బావ చెయ్యి మడ్‌గార్డు అంచు దాకా పోయింది.

"రంగేంది?"

అప్పుడు తెలిసింది. నీలంగా నిగనిగలాడుతున్న బండికి అడుగు దూరంలో నిలబడి అడుగుతున్నాడు. డాక్టరు చెప్పిన ఏడాది ఈ నెలల్లోనే అయిపోయింది. పెంచలకృష్ణ అక్క వైపు చూశాడు. ఆమె మొహం పక్కకు తిప్పుకుంది.

"నీలం."

"మనది నలుపు గదా."

"ఆ."

"రెండు నెలలు తిరిగినా నేను," అన్నాడు బావ. గొంతు పెంచలేదు. "తడ కాడ ఎవురో చూసినామంటే తడ దాకా పోయినా. వాడు చూసింది వేరే బండి. ఊళ్లో జనం నవ్వినారు, ఇనుము కోసం ఈ ముసలాడికి పిచ్చి పట్టిందని. ఇనుము కోసమా? బండి దొరికితే నువ్వు మొహం చెల్లక రాకుండా ఉండేది మానుకుని వస్తావని." ఆగి, ట్యాంకు మీంచి చెయ్యి తీశాడు. "పొయ్యి అన్నం తిను."

వంటింట్లో ఒక్కడే కూర్చుని తిన్నాడు. అక్క వడ్డించి పక్కన నిలబడింది. పచ్చిపులుసు, వంకాయ. ముద్దలు దిగాయి, అదే విచిత్రం. బయట బావ బండి దగ్గరే స్టూలు వేయించుకుని కూర్చున్నాడు. వీడు చెయ్యి కడుక్కుని వచ్చి నిలబడితే, "బండి ఇక్కడ పెట్టి పో," అన్నాడు. మళ్లీ రా అనలేదు.

బస్సు ఆగే మలుపు దాకా అక్క వచ్చింది.

"ఆ రోజే చెప్పుంటే తిట్టుండేవాడురా," అన్నది. "ఒక పూట. సాయంత్రానికి నీకూ ఆయనకూ కలిపే అన్నం పెట్టుండేదాన్ని."

బస్సు వచ్చింది.

*

షెడ్డు వెనక బండి ఉన్న చోట నేల నల్లగా నూనె మరకలతో మిగిలింది. తార్పాలిను మడిచి మూల పెట్టాడు. తొమ్మిదేళ్లు ఆ పక్కకు చూడకుండా నడవడం అలవాటైన కాళ్లు ఇప్పటికీ చుట్టూ తిరిగే పోతున్నాయి. చిన్నపోలయ్య అడిగితే జరిగింది చెప్పాడు.

"అయితే నా మాట చెప్పలేదు."

"లేదు."

"సరే," అని బీడీ పారేసి పోయాడు.

పన్నెండు రోజులు ఫోను లేదు. పదమూడో రోజు పొద్దున ఎనిమిదింటికి, ఏరేటర్లు ఆపే వేళకు మోగింది. బావ నంబరు. ఎత్తితే మాట లేదు. బండి చప్పుడు. స్టాండు మీద తిరుగుతున్న ఇంజను, లేస్తూ పడుతూ, ఆయాసపడుతూ. పెంచలకృష్ణ ఫోను చెవికి అదుముకుని, మిగిలిన మోటార్లన్నీ ఆపేసి, గుంటల కట్ట చివరికి నడిచాడు.

"ఇది ఎందుకురా ఇట్టా ఎగిరెగిరి కొట్టుకుంటాది?" అన్నాడు బావ.

"స్లో స్పీడు ఎక్కువైంది బావా. కార్బొరేటరు పక్కన ఇత్తడి స్క్రూ ఉంటాది."

"రాజ్‌దూత్‌కు అది అక్కడ ఉండదే."

"వేరే బండిది పెట్టినా."

"ఆ పెట్టినావులే. నాకు కనపడదు గదా."

"వేలితో తడుము. తల మీద గీత తగులుద్ది. గీతలో గోరు పెట్టి ఎడమకు తిప్పు. కొంచెం."

అవతల వేళ్లు తడుముకోవడం, అక్క ఏదో అనడం, "నువ్వుండు" అనడం వినపడ్డాయి. ఇంజను ఎగురుడు తగ్గింది. ఇంకొంచెం తగ్గింది. డుగ్, డుగ్, డుగ్మని నెమ్మదిగా, పాత రోజుల్లో బావ వాకిట్లో వినపడినట్టు నిలబడింది. ఇద్దరూ కాసేపు అది విన్నారు.

"ఆ," అన్నాడు బావ. ఫోను పెట్టేశాడు.

మరునాడు ఎనిమిదింటికి పెంచలకృష్ణ మోటార్లు ఆపి కట్ట చివర నిలబడ్డాడు. మోగలేదు. ఆ మరునాడూ మోగలేదు. ఎండ ముదిరేదాకా నిలబడి, బేరింగులకు గ్రీజు పెట్టడానికి దిగాడు. ఫోనును ప్లాస్టిక్ కవర్లో పెట్టి రబ్బరు చుట్టబోయి ఆగాడు. కవరు తీసేసి, అట్లాగే చొక్కా జేబులో వేసుకున్నాడు. ఉప్పు గాలికి అది ఎన్నాళ్లుంటుందో తెలుసు. అయినా అట్లాగే ఉంచాడు.